గొంతు ముందు, బొమ్మ తర్వాత: పిల్లలతో కార్టూన్లు, స్క్రీన్ పాఠాలు చేయించే పద్ధతి

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడి పిల్లలకి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. గుమ్మా, సెరంగో వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాళ్లకి ఇంటి మాట సవర అనే గిరిజన భాష. ఫోన్లో చూసే వీడియోలేమో హిందీలోనో, హైదరాబాదు తెలుగులోనో ఉంటాయి. ఇన్ని భాషల మధ్య తిరిగే పిల్లకి తన అమ్మ మాట్లాడినట్టు మాట్లాడే పాఠం ఎక్కడా దొరకదు. అలాంటి పాఠాలు పిల్లల చేతే చేయించాలని మొదలుపెట్టాను. ఆదివారాలు, బడి విడిచాక సాయంత్రాలు ఈ పనే.

మొదట్లో అందరూ చేసేదే నేనూ చేశాను. ల్యాప్‌టాప్ తెరిచి బొమ్మలు గీయించాను. రెండు నెలలకి మా దగ్గర ఎగిరే కార్లు ఉన్నాయి, సగం గీసిన పులి ఉంది, వాన కురుస్తున్న ఇల్లు ఉంది. ఒక్కదానికీ చెప్పే సంగతి లేదు. బొమ్మ అయ్యాక "ఇప్పుడు మాట్లాడమ్మా" అంటే పిల్లలకి గొంతు పెగల్లేదు. ఆ తర్వాత వరస తిరగేశాను. ముందు మాట, తర్వాత గొంతు, ఆఖరికి బొమ్మ. ఇక్కడ రాస్తున్నదంతా ఆ వరసలోనే ఉంటుంది. మీరూ ఆ వరస తప్పకండి. మిగతావి మీ ఊరిని బట్టి మార్చుకోవచ్చు.

ఏమేం కావాలి

పదిమంది పిల్లలకి ఒక ల్యాప్‌టాప్, రెండు స్మార్ట్‌ఫోన్లు, మైకు ఉన్న ఇయర్‌ఫోన్ ఒకటి చాలు. ల్యాప్‌టాప్ పాతదైనా ఫరవాలేదు. ఫోన్ని పైనుంచి కిందకి చూసేలా నిలబెట్టడానికి రెండు ఎత్తు పీటలు, వాటి మీద అడ్డంగా ఒక చెక్క ఉండాలి. చార్టు కాగితాలు, కత్తెర, రంగు పెన్సిళ్లు, మైదా జిగురు సరే సరి.

సాఫ్ట్‌వేర్‌కి రూపాయి ఖర్చు లేదు. గొంతుకి ఆడాసిటీ, స్క్రీన్ రికార్డింగుకి (అంటే తెర మీద జరిగేది వీడియోగా తీయడానికి) ఓబీఎస్ స్టూడియో, చేత్తో గీసే యానిమేషన్‌కి పెన్సిల్2డి, ముక్కలు కలపడానికి ఓపెన్‌షాట్. నాలుగూ ఉచితమే. ఒక్కసారి డౌన్‌లోడ్ చేసి పెన్ డ్రైవులో పెట్టుకుంటే నెట్ లేకపోయినా పని జరుగుతుంది. చిన్న పిల్లలుంటే దిమ్మెలు పేర్చి బొమ్మలు కదిలించే స్క్రాచ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా వేసుకోండి. దాని మెనూలు ఒడియాలో వస్తాయి కాబట్టి మా ఐదో క్లాసు వాళ్లు నన్ను అడక్కుండానే తిరిగేస్తారు.

మొదటి వారం: కంప్యూటర్ ముట్టుకోవద్దు

పాత నోటుబుక్కు మూలలో బంతి గీయించండి. మొదటి పేజీలో పైన, తర్వాతి పేజీలో కాస్త కింద, ఆ తర్వాత ఇంకాస్త కింద. నేలకి తగిలిన పేజీలో బంతి కొంచెం నొక్కుకుపోయి అడ్డంగా సాగాలి. మళ్లీ పైకి లేస్తుంటే గుండ్రంగా అవ్వాలి. 24 పేజీలు చాలు. బొటనవేలితో గబగబా వదిలితే బంతి ఎగురుతుంది.

ఇక్కడ తొందరపడి ఏమీ వివరించకండి. బంతి పడుతున్నప్పుడు బొమ్మల మధ్య దూరం పెరగాలి, పైకి వెళ్లేకొద్దీ తగ్గాలి. ఇది పిల్లలు వాళ్లంతట వాళ్లే కనిపెట్టాలి. సమాన దూరాల్లో గీసిన పిల్లాడు పేజీలు తిప్పి చూసుకుని "మేస్టారూ, ఇది పడతలేదు, దిగుతాంది" అన్నాడు. యానిమేషన్లో సగం చదువు ఆ ఒక్క మాటలో ఉంది. వాడే మళ్లీ గీశాడు.

విషయం ఎంచుకోవడం

పిల్లల్ని "నీకేం ఇష్టం?" అని అడిగితే సూపర్‌హీరో పేరు చెబుతారు. "మీ ఇంట్లో నీకు బాగా చేతనైన పని ఏది?" అని అడగండి. అప్పుడు సంగతులు బయటికొస్తాయి. మా ఊరు కొమ్ము బొమ్మలకి పేరు పడ్డది. ఆ పని చేసే ఇంటి పిల్లాడు కొమ్ముని వేడి చేస్తే మెత్తబడి ఎలా వంగుతుందో చెప్పాడు. ఒక పిల్ల పాల లెక్క చెప్పింది. ఇంకొకడు గుణుపూర్ బండి ఎక్కడిదాకా వచ్చిందో వాళ్ల తాతకి ఫోన్లో చూసి చెబుతాడు, అది స్క్రీన్ పాఠం అయింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా జిల్లాని అతలాకుతలం చేసింది కదా, తుపాను ముందు రోజు ఇంట్లో ఏం సర్దుకోవాలో పెద్దపిల్లలు ఇద్దరు చెప్పారు.

కదలిక కళ్లకి కనిపించాల్సిన సంగతైతే, అంటే శరీరంలో నీళ్లు తగ్గడం, గాలి తిరగడం లాంటివైతే కార్టూన్ చేయించండి. మీటలు నొక్కే పనైతే స్క్రీన్ రికార్డింగ్. చేతిపనైతే ఫోన్ కెమెరాయే మేలు. ఏది చేసినా మొదటిది ఒక్క నిమిషం దాటనివ్వకండి. ఐఐటీ బొంబాయి వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్ అనే కంప్యూటర్ వీడియో పాఠాలు పది నిమిషాల చుట్టూ ఉంటాయి. అవి పెద్దవాళ్లు తమంతట తాము కూర్చుని నేర్చుకునేవి. బడిపిల్ల మొదటి పాఠానికి నిమిషమే ఎక్కువ.

మాట రాసుకోవడం

కాగితం మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు వినిపించేది, కుడివైపు కనిపించేది. ఎడమవైపు నిండే దాకా కుడివైపు రాయనివ్వకండి.

ఎడమవైపు నింపడం ఇలా. పిల్లని కూర్చోబెట్టి కలం ఇవ్వకుండా చెప్పమనండి. ఎదురుగా ఆ సంగతి తెలియని మరో పిల్ల కూర్చోవాలి. ఫోన్లో ఊరికే రికార్డు పెట్టండి. చెప్పడం అయ్యాక అది వింటూ కాగితం మీద పెట్టించండి. నేరుగా రాయమంటే మాత్రం పిల్ల పాఠ్యపుస్తకం భాషలోకి వెళ్లిపోతుంది. విరేచనాల మీద తొమ్మిదో క్లాసు అమ్మాయి మొదట రాసిన వాక్యం "అతిసార వ్యాధి సోకినప్పుడు శరీరమందలి నీటి శాతం క్షీణించును". అదే పిల్ల తన నేస్తానికి చెప్పినప్పుడు ఇలా వచ్చింది:

"ఇరోసనాలు అయితే ఒంట్లో నీల్లు పోతాయి. తాగితే ఇంకా అవుతాయని నీల్లు మానిపించీస్తారు. అలాగ సెయ్యకూడదు. ఒక లీటరు నీల్లు మరగబెట్టి సల్లారబెట్టు. ఆరు సెంచాల పంచదార, అరసెంచా ఉప్పు. సెంచా మీద గుట్టలా ఉండకూడదు, ఏలితో సాపు సెయ్యాల."

రెండోదే ఉంచాం. ఉచ్చారణ దిద్దలేదు. కొలత మాత్రం రెండు సార్లు సరిచూశాం: ఒక లీటరు శుభ్రమైన నీటికి గుట్టలా లేకుండా సాపు చేసిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. ఓఆర్‌ఎస్ (విరేచనాలప్పుడు నీళ్లలో కలిపి తాగించే పొడి) పొట్లం దొరికితే అదే వాడాలి, అదీ పొట్లం మీద రాసినంత నీటిలోనే కలపాలి. కలిపినది 24 గంటలు దాటితే పారబోయాలి. భాష పిల్లది, కొలత మాత్రం మన పూచీ. ఉప్పు ఎక్కువ పడితే పసిబిడ్డకి ప్రమాదం కాబట్టి ఇలాంటి అంకెలున్న స్క్రిప్టు పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం)లో నర్సమ్మకి చూపించకుండా రికార్డింగుకి వెళ్లొద్దు.

ఇక్కడ పెద్దవాళ్ల నుంచి ఒక అభ్యంతరం వస్తుంది. "ఇలాంటి తెలుగు రికార్డు చేస్తే పిల్లలు పాడైపోరా?" అంటారు. ఆ ప్రశ్నకి మా ఊళ్లోనే నూరేళ్ల కిందట జవాబు దొరికింది. గిడుగు రామమూర్తి పంతులు 1880లో ఈ పర్లాకిమిడికే ఉపాధ్యాయుడిగా వచ్చారు. సవరల భాష వాళ్ల దగ్గరే నేర్చుకుని, ఆ భాషలో పిల్లలకి వాచకాలు తయారుచేశారు. తెలుగు పుస్తకంలోకి జనం మాట్లాడే భాష రావాలని వాదించారు. ఆయన పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినం చేస్తాం. ఆ రోజు దండ వేసి, మర్నాడు పిల్లని "నీల్లు కాదు, నీళ్లు" అని మైకు ముందు ఆపేస్తే ఎలా?

ఇంకో సంగతి. మా పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. వాళ్లు తెలుగు స్క్రిప్టుని ఒడియా అక్షరాల్లో రాసుకుంటారు. రాసుకోనివ్వండి. మొదటిసారి ఆ కాగితం చూసినప్పుడు నాకు మనసు చివుక్కుమంది. కానీ అది చూసి ఆ పిల్ల ఎక్కడా తడబడకుండా చదివింది. తెలుగు అక్షరాలు ఎక్కడ నేర్పవచ్చో కింద చెబుతాను.

కొలత కోసం: మా పిల్లలు తాపీగా చదివితే నిమిషానికి 80 మాటలు వస్తాయి. స్క్రిప్టు 80 మాటలు దాటితే ఎక్కువైన మాటల్ని రికార్డు చేయకముందే కొట్టేయండి.

గొంతు

తరగతి గదిలో రికార్డు చేయకండి. గోడలు ఖాళీగా ఉన్న గదిలో గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. బట్టలున్న గది, బియ్యం బస్తాలున్న కొట్టుగది, పరుపులు పేర్చిన మూల, ఇవి మంచివి. మేం ఒక బెంచీ మీద రెండు బొంతలు కప్పి, దాని కింద పిల్లని కూర్చోబెడతాం. ఫ్యాను ఆపేయాలి. ఆగస్టులో రేకుల కప్పు కింద వాన పడుతుంటే ఆ రోజుకి బొమ్మల పని చూసుకోవడమే, గొంతు పని కుదరదు.

మైకు నోటికి జానెడు దూరంలో, ఎదురుగా కాకుండా కాస్త పక్కన ఉండాలి. ఎదురుగా ఉంటే ప, బ, భ పలికినప్పుడల్లా గాలి కొట్టి టప్‌మంటుంది. రికార్డు నొక్కాక ఐదు సెకన్లు ఎవరూ మాట్లాడకూడదు. ఆ నిశ్శబ్దం వృథా కాదు. తర్వాత ఆడాసిటీలో ఆ ఐదు సెకన్లనే ఎంచుకుని, ఎఫెక్ట్ మెనూలోని నాయిస్ రిడక్షన్‌లో "గెట్ నాయిస్ ప్రొఫైల్" నొక్కాలి. గది హోరు ఎలా ఉంటుందో దానికి తెలిసింది. ఇప్పుడు మొత్తం ఎంచుకుని మళ్లీ నాయిస్ రిడక్షన్‌కి వెళ్లి ఓకే అంటే ఆ హోరు తగ్గుతుంది. మరీ ఎక్కువ తగ్గిస్తే గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు అవుతుంది, జాగ్రత్త.

తప్పు చదివితే ఆపొద్దు. పిల్ల చప్పట్లు ఒకసారి కొట్టి, ఆ వాక్యం మొదటినుంచి మళ్లీ చదవాలి. చప్పట్లు కొట్టిన చోట తెర మీద నిట్టనిలువు గీత కనిపిస్తుంది. కత్తిరించేటప్పుడు వెతుక్కోనక్కర్లేదు. ఈ చప్పట్ల పద్ధతి వచ్చాక మా పిల్లల్లో టెన్షన్ సగం పోయింది. తప్పు చేస్తే మొత్తం మొదటికొస్తుందనే భయమే వాళ్లని బిగుసుకుపోయేలా చేసేది.

బొమ్మ

గొంతు సిద్ధమైంది. ఇప్పుడు కుడివైపు గడి నింపండి. ఒక్కొక్క వాక్యం వింటూ, ఏ సెకనులో ఏం కనిపించాలో పిల్లలే రాస్తారు. అప్పుడే లెక్క తెలుస్తుంది.

సినిమాలో సెకనుకి 24 చిత్రాలు. చేత్తో గీసే యానిమేషన్లో ఒక్కో బొమ్మని రెండేసి చిత్రాల పాటు ఉంచి 12తో సరిపెట్టడం మామూలే. పిల్లల కాగితం బొమ్మలకి సెకనుకి 6 చాలు. నిమిషం మొత్తం కదిలిస్తే 360 ఫోటోలు, అది పిల్లల ఓపికకి మించిన పని. కానీ నిమిషమంతా కదలక్కర్లేదు. ఓఆర్‌ఎస్ కార్టూన్లో నిజంగా కదలాల్సినవి మూడే: బిడ్డ ఒంట్లో నీటి గీత దిగడం, వేలు చెంచాని సాపు చేయడం, గ్లాసు నోటి దాకా రావడం. కలిపి 20 సెకన్లు, 120 ఫోటోలు. మిగతా 40 సెకన్లు కదలని బొమ్మలే. ఇద్దరు పిల్లలు ఒక్క మధ్యాహ్నంలో పూర్తి చేశారు.

తీయడం ఇలా: పీటల మీద చెక్క, చెక్క మీద ఫోన్, కింద చార్టు. కాగితం మనిషిని తల, మొండెం, చేతులు, కాళ్లు విడివిడిగా కత్తిరించండి. ఒకరు ముక్కని కొంచెం జరిపి చెయ్యి తీసేయాలి, "తియ్" అనాలి. రెండోవారు ఫోటో తీయాలి. ఫోన్ని వేలితో తాకితే కదిలిపోతుంది, కాబట్టి ఇయర్‌ఫోన్ వాల్యూమ్ బటన్‌తో ఫోటో తీసే వీలుంటే అదే వాడండి. కిటికీ వెలుతురులో తీస్తే మబ్బు వచ్చినప్పుడల్లా బొమ్మ మినుకుమినుకుమంటుంది. కిటికీ మూసి బల్బు వేసుకోండి. పని మొదలయ్యాక చార్టు కదలకుండా నాలుగు మూలలా టేపు అంటించాలి. ఇది మరిచిపోయి మేం ఒక పూట పనంతా పోగొట్టుకున్నాం. బిడ్డ కదలకుండా ఉండి, చుట్టూ ఇల్లు ఊగింది.

బొమ్మ మీద అక్షరాలు రాయనివ్వకండి. అంకెలు కూడా వద్దు. "6 చెంచాలు" అని రాసే బదులు ఆరు చెంచాలు వరసగా పెట్టండి. ఎందుకంటే అదే బొమ్మలకి రేపు ఒడియా గొంతు వేస్తాం, ఎల్లుండి సవర గొంతు వేస్తాం. బొమ్మలో తెలుగు అక్షరం ఉందంటే అన్నీ మళ్లీ తీయాలి. ఇదే కారణంతో పాత్రల నోటి కదలిక మాటకి అచ్చంగా సరిపోవాలని పట్టుబట్టొద్దు. తెలుగులో ప, బ, మ పలికితే పెదవులు మూసుకుంటాయి, ఆ అంటే తెరుచుకుంటాయి, ఊ అంటే గుండ్రమవుతాయి. మూడు నోళ్లు కత్తిరించి మార్చుకుంటే ముచ్చటగా ఉంటుంది, సరదాకి ఒకటి చేయించండి. కానీ మూడు భాషల పాఠానికి కథ చెప్పే మనిషి తెరమీద కనిపించకపోవడమే సుఖం. ఒక్కో భాషలో వాక్యం ఒక్కో పొడవు ఉంటుంది. కదలని బొమ్మలు ఎక్కువుంటే వాటిని కాస్త సాగదీసో కుదించో సర్దేయవచ్చు.

మా దగ్గర సవర పిల్లలకి బొమ్మ గీయడం నేర్పే పని పడలేదు. వాళ్ల ఇళ్లలో ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే ఇడితాల్ బొమ్మల్లో మనుషులు, గుర్రాలు, చెట్లు సన్నని గీతలతో ఉంటాయి. అలాంటి గీతల మనిషి యానిమేషన్‌కి దిట్టమైనవాడు: మోచెయ్యి ఎక్కడ వంగుతుందో గీతే చెబుతుంది. అయితే ఇడితాల్ పూజకి సంబంధించినది. పూర్వీకుల కోసం, దేవతల కోసం వేసేది. ఆ బొమ్మనే తెచ్చి విరేచనాల పాఠంలో పెట్టడం తప్పు. మా పిల్లలు ఇంటికెళ్లి పెద్దల్ని అడిగారు. పండగ బొమ్మ ముట్టొద్దు, గీత తీరు వాడుకోమన్నారు. మేం అలాగే ఎర్రచార్టు మీద తెల్లగీతలతో సొంత మనుషుల్ని చేసుకున్నాం. మీరూ అడగండి.

కాగితంతో రెండు కార్టూన్లు చేశాక పెన్సిల్2డి తెరవండి. అందులో ఆనియన్ స్కిన్ అనే సదుపాయం ఉంది. ముందు గీసిన బొమ్మ పలచగా కింద కనిపిస్తుంటుంది. నోటుబుక్కు మూలలో బంతి గీసిన పిల్లకి దాని ఉపయోగం చెప్పనక్కర్లేదు.

స్క్రీన్ పాఠం

కార్టూన్లో తప్పు పోతే మళ్లీ తీసుకోవచ్చు. స్క్రీన్ రికార్డింగులో మనం దాచాలనుకున్నది కూడా రికార్డవుతుంది. అందుకే ఇక్కడ తయారీ ఎక్కువ, రికార్డింగ్ తక్కువ.

పాల లెక్క పాఠం తీసుకుందాం. లెక్కల పట్టికలు వేసే ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్ కాల్క్‌లో మొదటి నిలువు వరసలో తేదీ, రెండో దానిలో ఎన్ని లీటర్లు, మూడో దానిలో లీటరు ధర, నాలుగో దానిలో రెండింటి గుణకారం, కింద మొత్తం. పిల్ల దీన్ని రికార్డు లేకుండా ఐదుసార్లు చేసి చూపాలి. ఐదోసారికి చెయ్యి తడుముకోదు. అప్పుడే రికార్డు.

తెర సర్దడం: డెస్క్‌టాప్ మీదున్న ఫైళ్లన్నీ ఒక ఫోల్డర్లో పడేయండి. షీటుని 150 శాతానికి పెంచండి. పాఠం చూసేవాళ్లు అరచేతిలో ఫోన్ పెట్టుకుని చూస్తారు. మౌస్ బాణాన్ని సెట్టింగుల్లో పెద్దది చేయండి. నోటిఫికేషన్లు ఆపేయండి. ఫోన్లో చేస్తుంటే డునాట్ డిస్టర్బ్ పెట్టి, కుదిరితే ఏరోప్లేన్ మోడ్ కూడా.

ఓబీఎస్‌లో సోర్సెస్ కింద ప్లస్ గుర్తు నొక్కి డిస్‌ప్లే క్యాప్చర్ ఎంచుకుంటే తెర కనిపిస్తుంది. సెట్టింగ్స్‌లో వీడియో దగ్గర అవుట్‌పుట్ 1280×720, సెకనుకి 30 చిత్రాలు. అవుట్‌పుట్ దగ్గర బిట్‌రేట్ 2500 కేబీపీఎస్ పెడితే నిమిషానికి సుమారు 19 ఎంబీ అవుతుంది, వాట్సాప్‌లో తిప్పడానికి వీలు. ఆడియో మిక్సర్లో పిల్ల మాట్లాడుతుంటే రంగు పట్టీ పసుపులో ఆడాలి, ఎరుపుకి పోకూడదు.

రికార్డింగ్ ఫార్మాట్ ఎంకేవీలో ఉంచండి. ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది. నేను మొదట్లో మామూలు ఎంపీ4 పెట్టాను. ఒక సాయంత్రం ముగ్గురు పిల్లలు గంటసేపు కష్టపడ్డ రికార్డింగ్ చివర్లో కరెంటు పోయింది. బ్యాటరీ చచ్చిపోయిన ల్యాప్‌టాప్ అది. ఫైలు ఉంది, తెరుచుకోలేదు. మామూలు ఎంపీ4 రికార్డింగ్ సరిగ్గా ముగిస్తేనే తెరుచుకుంటుంది. ఎంకేవీ మధ్యలో ఆగినా అప్పటిదాకా రికార్డయింది మిగులుతుంది. తర్వాత ఫైల్ మెనూలో రీమక్స్ రికార్డింగ్స్ నొక్కితే క్షణాల్లో ఎంపీ4 అయిపోతుంది.

ఫోన్ పాఠమైతే ఆండ్రాయిడ్ 11 నుంచి రికార్డరు ఫోన్లోనే వస్తుంది. పైనుంచి కిందకి లాగితే స్క్రీన్ రికార్డ్ కనిపిస్తుంది. మైక్రోఫోన్, షో టచెస్ రెండూ ఆన్ చేయండి. షో టచెస్ ఉంటే వేలు పడ్డచోట తెల్లచుక్క కనిపిస్తుంది. అది లేకపోతే చూసేవాళ్లకి బటన్ ఎక్కడ నొక్కారో తెలియదు.

మాట, చెయ్యి ఒకేసారి చేయలేని పిల్లలు చాలామంది. బలవంతం వద్దు. చేతులు కదిలే వీడియో మౌనంగా తీయండి, గొంతు విడిగా వేయండి. స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు ఇన్ని భారతీయ భాషల్లో రావడానికి ఈ విడదీతే ఆధారం. తెర ఒకటే, దాని మీద గొంతు మారుతుంది.

చెప్పే తీరు విషయంలో ఒక్క పట్టుదల నాకుంది. "ఇక్కడ నొక్కండి" అనే మాట మా పాఠాల్లో నిషేధం. ఎక్కడ? "పైన ఎడమపక్క, మూడు గీతల గుర్తు" అనాలి. నొక్కక ముందు చెప్పాలి, నొక్కాక రెండు సెకన్లు ఆగాలి. బామ్మకి ఫోన్ నేర్పిన పిల్లకి ఇది వెంటనే అర్థమవుతుంది.

స్కాలర్‌షిప్ ఫారం, బ్యాంకు యాప్ లాంటి పాఠాల్లో అసలు వివరాలు ఎప్పుడూ వాడకండి. పేరు, ఆధార్ నంబరు, ఫోన్ నంబరు, ఓటీపీ, ఏదీ. ఫారం నింపే పాఠం కావాలంటే ఫోటో తీసిన ఫారం మీద కల్పిత పేరుతో చూపించండి. ఒకసారి మా రికార్డింగులో నా ఫోన్‌కి ఓటీపీ వచ్చి తెర మీద నిలబడింది. నోటిఫికేషన్లు ఆపడం మరిచింది నేనే. ఎవరికీ పంపకముందే చూసుకున్నాం కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి రికార్డింగ్ అయ్యాక గొంతు ఆపేసి, కేవలం తెరని మొదటి నుంచి చివరి దాకా ఒక పిల్ల చూస్తుంది. ఆమె పని అదొక్కటే: కనిపించకూడనిది కనిపించిందా?

కలపడం, పేరు వేయడం

ఓపెన్‌షాట్‌లో గొంతుని కింది వరసలో పరిచి, బొమ్మల్ని పైన ఆ గొంతుకి సరిపడేలా అమర్చాలి. మెరుపులు, గిర్రున తిరిగే మార్పులు వద్దనండి. పిల్లలు అవన్నీ ఒక్కసారి వాడి చూస్తారు, వాడనివ్వండి, మర్నాడు వాళ్లే తీసేస్తారు. సినిమా పాట వెనక పెట్టడం మాత్రం మొదటి రోజే కాదనండి, అది వేరేవాళ్ల సొత్తు. మా తుపాను పాఠంలో వెనక వినిపించేది మహేంద్రతనయ ఒడ్డున ఫోన్లో రికార్డు చేసిన గాలి.

ఇప్పుడు తెలుగు అక్షరాలు నేర్పే చోటు వచ్చింది: పాఠం పేరు, చివర్లో చేసినవాళ్ల పేర్లు. ఇవి బొమ్మల్లో భాగం కాదు, విడి పలకలు, కాబట్టి భాషకొకటి చేసుకోవచ్చు. తన పేరు తెర మీద పడుతుందంటే నేర్చుకోని పిల్ల ఉండదు. కొన్ని వీడియో సాఫ్ట్‌వేర్లలో తెలుగు ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. అలా అయితే లిబ్రేఆఫీస్ ఇంప్రెస్‌లో పేరు టైపు చేసి, ఆ స్లైడుని బొమ్మగా ఎగుమతి చేసి వీడియోలో పెట్టండి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లలో ఒకదాని పేరు "గిడుగు". మా పిల్లలు ఇంకోటి వాడటానికి ఒప్పుకోరు.

పిల్లల పేర్లలో ఇంటిపేరు, ఊరు, క్లాసు వేయకండి. ముఖాలు చూపించేటట్టయితే తల్లిదండ్రుల్ని అడిగి సంతకం తీసుకోవాలి. కాగితం బొమ్మలకి ఈ బాధ లేదు, అది కార్టూన్‌లో ఉన్న పెద్ద సుఖం.

చూపించడం

వాట్సాప్ గ్రూపులో పెట్టేసి ఊరుకుంటే చప్పట్లు, దండాల బొమ్మలు వస్తాయి, అక్కరకొచ్చే మాట ఒక్కటీ రాదు. పాఠం ఎవరికోసమో వాళ్ల దగ్గరికి ఫోన్ పట్టుకుని పిల్లలే వెళ్లాలి. చూపించాక "బాగుందా?" అని అడక్కూడదు. "ఇప్పుడు మీరు చేసి చూపించండి" అనాలి. ఎక్కడ ఆగారో పిల్ల నోటుబుక్కులో రాసుకోవాలి.

ఓఆర్‌ఎస్ కార్టూన్ని ఆ అమ్మాయి తన వీధిలో ఒక బాలింతకి చూపించింది. ఆమె చక్కగా నీళ్లు కొలిచింది, చెంచా తీసింది, ఆగిపోయింది. వాళ్లింట్లో ఉన్నది కూర వడ్డించే పెద్ద చెంచా. మా కార్టూన్లో చెంచా ఉంది గానీ ఎంత చెంచానో లేదు. చార్టు మీద చెంచా ఒక్కటే ఉంటే అది గరిటంతా కావచ్చు, ఉగ్గుగిన్నెంతా కావచ్చు. మాలో ఎవరికీ తట్టలేదు, నర్సమ్మకీ తట్టలేదు.

మర్నాడు పీటలు మళ్లీ వేశాం. చెంచా పక్కన టీ గ్లాసు పెట్టి పన్నెండు ఫోటోలు తీశారు. అమ్మాయి బొంతల కిందకి దూరి ఐదు సెకన్లు ఊపిరి బిగబట్టి ఒక్క వాక్యం చదివింది: "టీలో పంచదార కలుపుకునే సిన్న సెంచా, కూర సెంచా కాదు." చప్పట్లు కొట్టే అవసరం రాలేదు.